చిత్తరోగికి మందు చేరు త్రోవ

దేహమునకు వచ్చిన రోగమును గూర్చి ఊరెల్ల మాటలాడును. చిత్తమునకు వచ్చిన రోగమును గూర్చి ఇంటివారు సైతము గొంతు తగ్గించి మాటలాడుదురు. జ్వరము తగిలినవానికి వైద్యుని పిలిపింతురు. పాము కఱచినవానికి మంత్రగానినైనను పిలిపింతురు. మతి చలించినవానికి ముందుగా తలుపు మూయుదురు. అట్లు మూయబడిన గదిలో ఇరువదియేండ్లు గడపిన మనుష్యునికి పనికివచ్చు మందు ఎచ్చటనో కనుగొనబడినదనుకొందము. అది ప్రయోగశాల గడప దాటి, ప్రభుత్వముయొక్క అనుమతిముద్ర పొంది, అంగడికి దిగి, తుదకు వాని నోటికి అందుటకు ఎంతకాలము పట్టును? ఈ ప్రశ్నను రోగి అడుగలేడు, అడిగినను వినువారుండరు. కావున ఇతరులు అడుగవలసియున్నది. ఆ త్రోవయొక్క చరిత్రను గోదావరీమండలపు పాఠకుల యెదుట నుంచవలెనని మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి.

ఈ విషయమున మన విద్యావంతులలో రెండు పక్షములు కలవు. పరదేశములందు రోగులు వాడుకొనుచున్న మందు మనకేల రాదు, కాగితములు ఒక బల్లమీదనుండి మఱియొక బల్లమీదికి పోవుటకు ఏండ్లు కావలయునా, యని ఒక పక్షమువారి ఆగ్రహము. తొందరపడి అనుమతించిన మందు రేపు విషమని తేలినచో పోయిన ప్రాణములను ఎవరు తెత్తురని రెండవ పక్షమువారి భయము. ఉభయపక్షములకును చరిత్రలో సాక్ష్యము పుష్కలముగా నున్నది. ఆ సాక్ష్యమును పరిశీలింపగా మాకు తోచిన దేమనగా, ఆలస్యములన్నియు ఒక్క జాతివి కావు. పరీక్షవలన కలుగు ఆలస్యమొకటి. ఉపేక్షవలన కలుగు ఆలస్యమొకటి. మొదటిది రోగికి రక్ష. రెండవది రోగికి శిక్ష. పైకి చూచుటకు రెండును ఒక్కతీరుననే యుండును. రెంటియందును కాగితములే, గడువులే, నిరీక్షణమే. వీనిని వేఱుచేసి చూడకున్న మన ఆగ్రహము తగనివారిపై పడును. మన భయము సోమరులకు కవచమగును.

అనుమతికిని ఆచరణమునకును నడుమనుండు దూరము గోదావరీతీరమునకు క్రొత్తది కాదు. వితంతువుల పునర్వివాహమును న్యాయసమ్మతము చేయు శాసనము 1856లోనే వెలువడినది. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. నడుమ ఇరువదియైదేండ్లు గడచినవి. శాసనము కలదు, పెండ్లి లేదు. ప్రభుత్వము తలుపు తెఱచినంత మాత్రమున ఎవరును లోపలికి నడచిపోలేదు. చేయిపట్టి నడపించువాడొకడు కావలసి వచ్చెను. ఆ యిరువదియైదేండ్లలో బాల్యముననే విధవలై, విధవలుగనే ముదిసినవారి లెక్క ఏ దస్త్రమునందును దొరకదు. చిత్తరోగుల మందుల చరిత్రయు ఇట్టిదే. అందు అనుమతి యొక యంకము మాత్రమే. దానికి ముందొక యుపేక్ష, దాని వెనుక మఱియొక యుపేక్ష.

మందులు లేని కాలపు స్థితి యెట్టిదో మొదట చూతము. గోదావరి జిల్లాల యిండ్లలో పిచ్చాసుపత్రి యనగా చిరకాలము విశాఖపట్టణమే. పందొమ్మిదవ శతాబ్దిలో వెలసిన ఆ యాశ్రయము ఉత్తరసర్కారులకు దిక్కై యుండెను. 1912నాటి ఉన్మాదుల శాసనము క్రింద రోగిని చేర్పించుటకు సామాన్యముగా వైద్యుని పత్రమును, మేజిస్ట్రేటు ఉత్తరువును కావలయును. చేర్చిన పిమ్మట చేయదగిన చికిత్స స్వల్పము. కాపలా, పథ్యము, నిద్రపుచ్చు మందు, ఇంతియే. 1946లో వెలువడిన భోర్ సంఘమువారి నివేదికలో ఒక లెక్క కలదు. భారతదేశమున సుమారు నలుబదివేలమంది జనులకు చిత్తరోగుల ఆసుపత్రిలో ఒక్క పడక. ఇంగ్లండులో మున్నూఱుమందికి ఒకటి. కోనసీమలో ఒక పెద్దగ్రామపు జనసంఖ్య ఎనిమిదివేలనుకొన్నచో, అట్టి యైదు గ్రామములకు కలిపి ఒక్క పడక యన్నమాట. తక్కినవారు ఇంటి వెనుకటి కొట్టులోనో, గుడి మండపమునందో, బాటల వెంటనో బ్రదుకును వెళ్లదీసిరి.

ఆనాడు చిత్తరోగులమీద ప్రయోగములు జరుగలేదని యనుకొనరాదు. జరిగినవి, అయితే వానికి అనుమతి అడిగినవారు లేరు, అడుగుమని చెప్పినవారును లేరు. మెదడునకు ప్రాకిన సవాయిరోగముచే ఉన్మత్తులైనవారికి 1917లో వియన్నా వైద్యుడు వాగ్నర్ యౌరెగ్ మలేరియా జ్వరము నెక్కించెను. కొందఱు కోలుకొనిరి, కొందఱు జ్వరముతోనే పోయిరి. ఆయనకు 1927లో నోబెల్ బహుమానము వచ్చినది. లిస్బన్ నగరమున ఏగాస్ మోనిజ్ మెదడు ముందుభాగపు నరములను కోయు చికిత్సను 1936లో ప్రకటించెను. 1949లో ఆయనకును నోబెల్ బహుమానము లభించినది. అమెరికాలో వేలకొలది రోగులు ఆ కత్తికి గురియైరి. కోసిన నరము మరల అతుకదు. శాంతించిన రోగులలో అనేకులు కోపముతోపాటు తమ స్వభావమునే పోగొట్టుకొనిరి. వలదని చెప్పు అధికారము రోగికి లేకుండుటయే ఆ వేగమునకు మూలము. మేలైన మందు వచ్చుటకు ఏండ్లు పట్టిన యీ జనులమీదికే కీడైన చికిత్స గుఱ్ఱమెక్కి వచ్చినది. ఈ రెంటికిని కారణ మొక్కటియే: వారి మాటకు లెక్కలేకుండుట.

ఇక ఉపేక్షకు నిదర్శనము మన దేశపు నేలమీద మొలచు ఒక మూలికయే. సంస్కృతమున సర్పగంధ యనియు, తెలుగున పాతాళగంధి యనియు దానిపేరు. బీహారు ప్రాంతపు జనులు దానిని పిచ్చిమందని పిలిచెడివారు. ఈ వేరు ఉన్మాదమునకును, రక్తపుపోటునకును పనిచేయునని 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తీకచంద్ర బోస్ గారలు వైద్యపత్రికలో ప్రకటించిరి. ఇంచుమించు ఆ కాలముననే ఢిల్లీలో సలీముజ్జమా సిద్దీఖీ ఆ వేరునుండి కొన్ని సారములను వేఱుచేసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాను పేరుమీదుగా అజ్మలిన్ అని నామకరణము చేసెను. తరువాత పదునెనిమిదేండ్లకు, 1949లో, బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపుపోటుపై దాని గుణమును గూర్చి ఇంగ్లండు హృద్రోగపత్రికలో వ్రాసినప్పుడు గాని పాశ్చాత్యుల చూపు ఇటు మరలలేదు. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థవారు రిసర్పిన్ అను సారమును తీసిరి. 1954లో న్యూయార్కున నాథన్ క్లైన్ దానిని ఉన్మాదరోగులకిచ్చి ఫలితములను వెల్లడించెను. కలకత్తాలో చెప్పిన మాట న్యూయార్కున వినబడుటకు ఇరువదిమూడేండ్లు పట్టినది.

ఈ యిరువదిమూడేండ్ల ఆలస్యమునకు ఏ అనుమతి కార్యాలయమును కారణము కాదు. ఆ వేరును ఎవరును నిషేధింపలేదు. ఏ దస్త్రమును దానిని ఆపలేదు. చెప్పినది మన వైద్యులగుటచేతను, రోగులు పిచ్చివారగుటచేతను, వేరు అడవిలో ఉచితముగా దొరకుటచేతను దానిని పరీక్షించు తొందర ఎవరికిని కలుగలేదు. అటుపిమ్మట రిసర్పినునకును దోషములు బయటపడినవి. వాడినవారిలో కొందఱికి దైన్యము కలుగుచున్నదని వైద్యులు శంకించిరి. అంతకంటె మేలైన మందులు రాగా దాని వాడుక తగ్గినది. అయినను ఇరువదిమూడేండ్లు ముందుగా పరీక్షించియుండినచో ఆ దోషములును అంత ముందుగనే తెలిసియుండెడివి. పరీక్షింపకుండుట జాగ్రత్త అనిపించుకొనదు.

దీనికి సరిపోల్చదగినది క్లోర్‌ప్రోమజిన్ కథ. 1952లో పారిసు నగరపు సెయింట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియెర్ డెనికర్ గారలు దానిని ఉన్మాదరోగులకిచ్చి చూచిరి. 1954లో అమెరికా ప్రభుత్వము దానిని అనుమతించినది. పేటెంటు కలిగి, పెద్దసంస్థల పెట్టుబడి వెనుకనున్న మందునకు సముద్రము దాటుటకు రెండేండ్లు చాలినవి. ఆ మందే పిచ్చాసుపత్రుల సంకెళ్లను సడలించిన మొదటి మాత్ర. ఏండ్ల తరబడి మాటాడనివారు మాటాడిరి. ఇంటికి పోదుమని యడిగిరి. లాభము గలచోట ద్వారములు ఎంత వేగముగా తెఱచుకొనునో ఇచ్చట చూడనగును.

లాభము లేనిచోట ఏమి జరుగునో లిథియము చెప్పును. ఒకప్పుడు మితిమీరిన ఉద్రేకమును, ఒకప్పుడు అంతులేని విషాదమును మాఱిమాఱి కలిగించు రోగమునకు అది మందు. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్, జపానువారి చెఱలో మూడేండ్లకు పైగా గడపి వచ్చినవాడు, ఆ లవణమును ముందుగా తానే మ్రింగి, పిదప పదిమంది ఉద్రేకరోగులకిచ్చి, 1949లో ఫలితములను ప్రకటించెను. ఏండ్లుగా ఆసుపత్రిలో మ్రగ్గినవాడొకడు ఇంటికి పోయి పనిచేసుకొనెను. అయితే ఆ రోగియే 1950లో ఆ మందు విషమించి మరణించెను. ఆ 1949లోనే అమెరికాలో ఉప్పునకు బదులుగా లిథియము లవణమును అమ్మగా, తిన్న హృద్రోగులలో కొందఱు ప్రాణములు కోల్పోయిరి. మేలునకును విషమునకును నడుమ దూరము అత్యల్పమని తేలినది. అచ్చట ఆగుటయే ధర్మము. రక్తములో లిథియము ఎంతయున్నదో కొలుచు విధానము 1950వ దశకమున స్థిరపడువఱకును జరిగిన ఆలస్యమును మేము తప్పుపట్టము.

తరువాతి ఆలస్యము వేఱు. డెన్మార్కున మోగెన్స్ షౌ, సోదరుని విషాదరోగమును కంట చూచినవాడు, 1954లో క్రమమైన పరీక్ష జరిపి మందు పనిచేయుచున్నదని చూపెను. కొలత తెలిసినది, గుణము తెలిసినది, ఐరోపాలో పలుదేశములు వాడుకొనుచుండెను. అమెరికా అనుమతి మాత్రము 1970లో గాని రాలేదు. లిథియము భూమిలో దొరకు ధాతువు. దానికి పేటెంటు లేదు. దానిని పరీక్షించి దరఖాస్తు పెట్టు వ్యయమును భరించుటకు ఏ సంస్థకును ఉత్సాహము లేదు. ఆసుపత్రి వైద్యులు కొందఱు అనుమతికి ముందే దానిని వాడి, తమ ప్రభుత్వముతో పోరాడవలసి వచ్చినది. దరఖాస్తు రానిదే తాను కదలనన్నది కార్యాలయము. లాభము లేనిదే తాను దరఖాస్తు పెట్టనన్నది వర్తకము. ఇద్దఱి మాటయు న్యాయముగనే యున్నది. నడుమ ఆత్మహత్యలు చేసుకొన్నవారి కొఱకు మాటాడువారు లేకపోయిరి.

క్లోజపిన్ చరిత్రలో ఈ రెండు విధముల ఆలస్యమును ఒకేచోట చూడవచ్చును. ఇతర మందులకు లొంగని స్కిజోఫ్రీనియా రోగులకు అది పనిచేయుచుండెను. 1970వ దశకారంభమున ఐరోపాలో అమ్మకమునకు వచ్చినది. 1975లో ఫిన్లాండున దానిని తీసుకొన్నవారిలో కొందఱికి రక్తమునందలి తెల్లకణములు నశించి, ఎనిమిదిమంది మరణించిరి. మందును ఉపసంహరించుకొనిరి, అది ఉచితమే. కాని కణములను లెక్కించుచు మందిచ్చినచో ప్రమాదమును ముందే పసిగట్టవచ్చునను సంగతి కొలదికాలములోనే వైద్యులకు తెలిసినది. ఆ మార్గమును స్థిరపఱచు పెద్దపరీక్ష అమెరికాలో 1988లో గాని వెలువడలేదు. మఱే మందును పనిచేయని 268 మందిని ఎన్నుకొని చూడగా, క్లోజపిన్ తీసుకొన్నవారిలో నూటికి ముప్పదిమంది మెరుగుపడిరి. పాతమందు తీసుకొన్నవారిలో నూటికి నలుగురు. ఆ మఱుసటి సంవత్సరము, 1989లో, రక్తపరీక్ష నియమముతో అనుమతి లభించినది. 1975 మొదలు 1989 వఱకు పదునాలుగేండ్లు. ఇందు కొన్నియేండ్లు రక్షకొఱకు గడచినవి. తక్కినవి ఊరకయే గడచినవి.

ఇంతవఱకు చదివి, పరీక్షలే వలదని ఎవరైనను తలంతురేమో. వారు 1937వ సంవత్సరమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఆ యేడు అమెరికాలో ఒక సల్ఫామందును విషద్రావకమున కరగించి తీయని పానకముగా అమ్మగా, నూఱుమందికి పైగా మరణించిరి; అందు పిల్లలనేకులు. 1938నాటి అమెరికా శాసనము ఆ చితులమీద మొలచినది. తరువాత 1957లో జర్మనీలో థాలిడోమైడ్ అను నిద్రమందు వచ్చినది. అదియు మనస్సును శాంతింపజేయు మందే. గర్భిణులు వాడగా పదివేలకు పైగా శిశువులు చేతులు కాళ్లు సరిగా లేకుండ పుట్టిరి. అమెరికాలో ఫ్రాన్సిస్ కెల్సీ అను అధికారిణి, ఆధారములు చాలవని, సంస్థవారు ఎంత తొందరపెట్టినను అనుమతి పత్రముపై సంతకము చేయలేదు. ఆమె చేసిన ఆలస్యమువలన ఎన్నియో పసికందుల అవయవములు దక్కినవి. మందు ప్రమాదరహితమని మాత్రమేకాక గుణకారియని కూడ నిరూపింపవలెనను అమెరికా శాసనసవరణము 1962లో వచ్చినది అందుచేతనే.

మన దేశమున 1930లో నియమింపబడిన చోప్రా సంఘము మందుల కల్తీని విచారించి నివేదిక యీయగా, పదియేండ్లకు 1940నాటి ఔషధశాసనము వచ్చినది. ఆ శాసనము క్రింద మన అధికారులు మందకొడిగా నున్నారని పలువురు నిందింతురు. అన్నివేళల అదియు నిజము కాదు. 2012 మే నెలలో పార్లమెంటు స్థాయీసంఘము వెలువఱచిన నివేదికను చూడుడు. 2008 జనవరి మొదలు 2010 అక్టోబరు వఱకు భారతీయ రోగులమీద పరీక్షయే లేకుండ 33 మందులకు అనుమతులిచ్చిరని అందు కలదు. ఫ్లుపెంథిక్సాల్, మెలిట్రాసెన్ అను రెంటిని కలిపి విషాదరోగమునకై అమ్మిన మాత్రను గూర్చి ఆ సంఘము ప్రత్యేకముగా వ్రాసినది. ఆ మాత్ర పుట్టినిల్లయిన డెన్మార్కున దాని అమ్మకము లేదు. మన అంగళ్లలో కలదు. 2013 జూనులో ప్రభుత్వము దానిని నిలిపివేసినది. కావున మన లోపము నిదానమని గాని వేగమని గాని ఒక్కమాటతో చెప్పుటకు వీలులేదు. తొందర కూడనిచోట తొందర, నిదానము కూడనిచోట నిదానము. ఇదియే మన వ్యాధి.

ఇచ్చట గోదావరి బిడ్డ యొకని స్మరింపవలసియున్నది. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాయముతో అమెరికాకు పోయిరి. ఆయన బృందము తయారుచేసిన అమినోప్టెరిన్ అను మందును బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1947 తుదిభాగమున రక్తకేన్సరు గల పిల్లలకిచ్చి, 1948 జూనులో ఫలితములను ప్రకటించెను. పదునాఱుగురిలో పదిమందికి రోగము కొంతకాలము వెనుకకు తగ్గినది. ప్రయోగశాలనుండి రోగిశయ్యకు కొన్ని నెలలే. మందు చేయువాడును, మందిచ్చువాడును ఒకరితో ఒకరు మాటలాడుకొనుటయు, పిల్లల ప్రాణములు పోవుచున్నవని అందఱికిని తోచుటయు ఆ వేగమునకు కారణములు. సుబ్బారావుగారు ఆ యేటి ఆగస్టులో దివంగతులైరి.

ఆయన బృందముదే మఱియొక మందు హెట్రజాన్, బోదకాలును కలిగించు పురుగులకు శత్రువు. బోదకాలు గోదావరి డెల్టాయొక్క సొంతరోగము. కాలువగట్లమీద, కొబ్బరితోటలలో, ఏనుగుపాదములవంటి కాళ్లీడ్చుకొని నడచినవారిని మన పెద్దలందఱు చూచిరి. మందు 1947నాటిది. జాతీయ బోదకాలు నివారణ పథకము 1955లో ప్రారంభమైనది. అయినను ఏడాదికొకమాఱు ఇంటింటికిని ఆ మాత్రలను పంచు కార్యక్రమము దేశమంతట ఆరంభమైనది 2004లో. భీమవరమున పుట్టినవాని మందు భీమవరపు వీథులలో ఇంటింటికిని పంచబడుటకు ఏబదియేడేండ్లు పట్టినది. ఇందు అనుమతి అడ్డురాలేదు. మందు చౌకయే, సురక్షితమే. కాలికి వచ్చిన రోగము కంటికి కనబడునది. దానికే ఇంత కాలము పట్టగా, కంటికి కనబడని చిత్తరోగమునకు ఎంత పట్టునో చదువరులు ఊహింపగలరు.

డెల్టా రైతునకు ఈ సంగతి సులభముగా బోధపడును. 1852లో ధవళేశ్వరమున ఆనకట్ట పూర్తియైనది. కాటన్ దొర దానిని నీటిని చెఱబట్టుటకు కట్టలేదు; కాలువలకు మళ్లించుటకు కట్టెను. తూములకు తలుపులుండును, వరదలో దించుదురు, నాట్లవేళ లేపుదురు. తలుపే వలదన్నవాడు వరదను ఎఱుగడు. తలుపును లేపనే లేపనన్నవాడు వ్యవసాయమును ఎఱుగడు. తలుపు లేపిన పిమ్మటను మొదటి పొలములకు అందిన నీరు శివారు భూములకు అందదు. శివారు రైతు ప్రతియేడును మొఱపెట్టుకొనును. మొఱ విని కొన్నిమాఱులైనను లస్కరు కదలును. చిత్తరోగి వైద్యపుకాలువకు శివారున నున్నవాడు. వానికి మొఱపెట్టు నోరును లేదు.

చిత్తరోగపు మందులను పరీక్షించుటలో సహజమైన కష్టములును కలవు. విషాదమును కొలుచు రక్తపరీక్ష లేదు. రోగి మాటయే కొలత. మందు లేని ఉత్తమాత్ర మ్రింగినవారిలో సైతము పలువురు కొంత తేఱుకొందురు. అందుచేత మందుయొక్క గుణమును వేఱుచేసి చూపుట కష్టము. ఎలుకకు దిగులు కలిగినదో లేదో చెప్పుట అంతకంటె కష్టము. అందువలన అనేక సంస్థలు ఈ మార్గమును విడిచిపెట్టినవి. క్లోర్‌ప్రోమజిన్ తరువాత డెబ్బదియేండ్ల పాటు వచ్చిన ఉన్మాదపు మందులు ఇంచుమించు అన్నియు మెదడులో డోపమైన్ అను ఒక్క పదార్థపు దారినే పట్టిపోయినవి. వేఱుదారి పట్టిన జానొమెలిన్, ట్రోస్పియము అను జంటమందు 2024 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి పొందినది. ఇట్టి వార్త వినినప్పుడు తమ యింట రోగియున్నవారి హృదయము ఎట్లు కొట్టుకొనునో వేఱు చెప్పనేల? వారి ఆగ్రహమును అజ్ఞానమని త్రోసివేయుట అన్యాయము.

మన దేశమున 2019నాటి క్రొత్త మందుల నియమములు పరీక్షకై వచ్చిన దరఖాస్తుపై నిర్ణయమునకు గడువులు పెట్టినవి. దేశములో కనుగొన్న మందునకు 30 పనిదినములు, తక్కినవానికి 90 పనిదినములు. ఇది మెచ్చదగినది. కాని అనుమతి పొంది అర్ధశతాబ్దము దాటిన మందుల గతి యేమి? 2015–16 సంవత్సరములలో నిమ్హాన్స్ సంస్థ జరిపిన జాతీయ మానసికారోగ్య పరిశీలనము ప్రకారము దేశమున వయోజనులలో నూటికి పదిమందికి పైగా ఏదోయొక చిత్తరోగముతో నున్నారు. వ్యాధిభేదమునుబట్టి వారిలో నూటికి డెబ్బదిమొదలు తొంబదిరెండుగురి వఱకు చికిత్స పొందుటలేదు. జాతీయ మానసికారోగ్య పథకము 1982లో పుట్టినది. జిల్లా పథకము 1996లో నాలుగు జిల్లాలతో మొదలైనది, అందు మెదకు ఒకటి. నడుమ 2001 ఆగస్టు 6వ తేదీన తమిళదేశపు ఏర్వాడిలో, దర్గా సమీపపు పాకలో గొలుసులతో కట్టబడిన రోగులు 28 మంది అగ్నికి ఆహుతియైరి. వారిని కట్టివేసిన గొలుసుకంటె క్లోర్‌ప్రోమజిన్ మాత్ర ఖరీదైనది కాదు. ఆ మాత్ర అప్పటికి దాదాపు ఏబదియేండ్ల నాటిది. గొలుసులతో బంధించుటను నిషేధించి, ప్రభుత్వ వ్యయముతో చికిత్స పొందుటను హక్కుగా చేసిన శాసనము 2017లో వచ్చినది. అదియు 1856నాటి శాసనమువలె నడపించువాని కొఱకు ఎదురుచూచుచున్నది.

కావున మేము కోరునవి ఇవి. దరఖాస్తు నిలిచినచో ఏ యాధారము చాలక నిలిచినదో అధికారులు బహిరంగముగా ప్రకటింపవలెను. కారణము చెప్పి చేయు ఆలస్యమును ప్రజలు సహింతురు, మౌనముగా చేయు ఆలస్యమును సహింపరు. లిథియమువలె లాభము లేని మందుల పరీక్షాభారమును ప్రభుత్వమే వహింపవలెను. పరీక్షలో చేరు రోగికిని, ఇంటివారికిని దాని మంచిచెడ్డలు తెలుగున, వారికి తెలియు మాటలలో, చెప్పవలెను. వలదను హక్కు వారికుండవలెను. 1958లో కాకినాడలో స్థాపింపబడిన రంగరాయ వైద్యకళాశాలవంటి విద్యాలయములు నగరముననే నిలువక, పాత మందులనైనను కోనసీమ లంకలకును, మన్యపు గూడెములకును చేర్చు బాధ్యత వహింపవలెను. లిథియమునకు కావలసిన రక్తపరీక్ష పల్లెవానికి అందనిచో, ఆ మందునకు ఢిల్లీలో ఎన్ని ముద్రలు పడినను పల్లెలో అది అనుమతింపబడనట్లే.

అన్నిటికంటె ముఖ్యమైనది కుటుంబములవారు నోరు విప్పుట. 1988లో అమెరికాలో ఎయిడ్స్ రోగులును, వారి మిత్రులును మందుల కార్యాలయమును ముట్టడించిన పిమ్మట అచ్చటి విధానములు మాఱినవి. వారు పరీక్షలు వలదనలేదు; పరీక్షలు త్వరగా జరుగవలెననియు, వానిలో తమ మాట వినవలెననియు అడిగిరి. మన యిండ్లలో చిత్తరోగము ఇంకను పెండ్లిసంబంధములకు అడ్డువచ్చు రహస్యముగనే యున్నది. అన్నకు మతి చలించినదని తెలిసినచో చెల్లెలికి వరుడు దొరకడని దాచుదురు. దాచినంతకాలము అన్నకు మందు దొరకదు. లెక్కకు రానివారి కొఱకు ఏ కార్యాలయమును తొందరపడదు, ఏ సంస్థయు వ్యయపడదు. నూఱేండ్లకు పూర్వమే విధవలను గూర్చి బహిరంగముగా మాటలాడుటకు సిగ్గుపడని ఊరు రాజమహేంద్రవరము. ఆ ఊరును, ఆ మండలమును నేడు చిత్తరోగులను గూర్చి అట్లే మాటలాడుట నేర్చినచో, అనుమతి యెచ్చట నిలిచినదో, ఎవరివలన నిలిచినదో అడుగు అధికారము మనకు కలుగును. అంతవఱకును కార్యాలయములను నిందించు మాటలలో సగము మనకే తగులును.